గని రిజిస్టరులో మన పేరు: ఉపరితల గనుల భద్రత చరిత్ర

మన అడవుల కింద బొగ్గు ఉంది. మన కొండల మీద బాక్సైటు ఉంది. మన పల్లెల చుట్టూ సున్నపురాయి, ముగ్గురాయి, కాల్సైటు, గ్రానైటు ఉన్నాయి. వీటి గురించి మాట్లాడుకునేటప్పుడు మొదట భూమి మాటే వస్తుంది. అది రావాల్సిందే. 1970 నాటి 1/70 నిబంధన, 1996 నాటి పెసా చట్టం, బొర్రా ప్రాంతపు గనుల వివాదంలో 1997 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు మన పోరాటాలలో మైలురాళ్లు. అయితే గని వచ్చేసిన చోట ఇంకో ప్రశ్న మిగులుతుంది. ఆ గనిలోకి కూలికి దిగిన మన పిల్లవాడు సాయంత్రం క్షేమంగా ఇంటికి రావాలి. అతని ప్రాణానికి కాపలాగా ఏ చట్టం ఉంది? అది ఎలా పుట్టింది? అతని దాకా ఎందుకు చేరడం లేదు? ఈ వ్యాసంలో మేము ఆ చరిత్రను చెప్పదలిచాం.

ఈ చరిత్రంతా చదివితే ఒక సంగతి తేటగా కనిపిస్తుంది. గనిలో మనిషిని కాపాడే జ్ఞానం నూరేళ్లకు పైగా ఉంది. మెట్టు ఎంత ఎత్తుండాలో, మట్టి కుప్ప ఎంత వాలుండాలో, మందు పేల్చేటప్పుడు ఎంత దూరం పోవాలో రాసిపెట్టి ఉంది. ఆ రాత ఫలం మాత్రం ముందుగా రిజిస్టరులో పేరున్నవాడికే అందింది. మనవాళ్లు చాలామంది గుత్తేదారు వెంట, రోజు కూలికి, పేరు రాయించుకోకుండానే గనిలోకి దిగారు.

బాయి నుంచి ఓసీ దాకా

తెలుగు నేలలో బొగ్గు గనుల కథ మన కోయల ప్రాంతంలోనే మొదలైంది. 1871లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. ఆ కంపెనీయే 1920లో సింగరేణి కాలరీస్ అయింది. కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం, మణుగూరు, భూపాలపల్లి ఒకదాని తర్వాత ఒకటి బొగ్గు పట్టణాలయ్యాయి. కోయ, గోండు, కొలాం, నాయక్‌పోడ్ జనం తిరిగిన అడవులు గని పేర్లతో పటాలకెక్కాయి. ఇల్లందు ప్రాంతంలో ఒక ఓపెన్‌కాస్ట్ గని పేరే కోయగూడెం. అది ఎవరి గూడెమో ఆ పేరే చెబుతుంది.

మొదట అన్నీ భూగర్భ గనులే. జనం వాటిని బాయి అన్నారు. బాయిలో పైకప్పు కూలడం, విషవాయువు, నీరు ముంచెత్తడం పెద్ద గండాలు. 1970ల నడుమ రామగుండంలో ఓపెన్‌కాస్ట్ తవ్వకం మొదలయ్యాక పని తీరు మారిపోయింది. బొగ్గు మీదున్న మట్టినీ రాతినీ మొత్తంగా తీసేసి, ఆకాశం కిందే బొగ్గు తవ్వడం ఓపెన్‌కాస్ట్. మనవాళ్లు ఓసీ అంటారు. డ్రిల్లుతో రంధ్రాలు వేస్తారు, మందు నింపి పేలుస్తారు, షావెల్ ఎత్తుతుంది, డంపరు మోస్తుంది. తీసిన మట్టిని ఒక పక్కన కుప్ప పోస్తారు. దాన్ని ఓబీ డంప్ అంటారు. ఇవాళ సింగరేణి బొగ్గులో అధిక భాగం ఓసీల నుంచే వస్తోంది.

పైకప్పు లేదు కనుక ఓసీలో ప్రమాదం లేదని కొందరు అనుకుంటారు. పైకప్పు కూలే భయం పోయిన మాట నిజం. దాని బదులు వేరే భయాలు వచ్చాయి. గోడ జారడం, మట్టికుప్ప కదలడం, డంపరు మనిషి మీదికి ఎక్కడం, పేలుడు రాయి ఎగిరి తగలడం, కరెంటు కొట్టడం, దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకోవడం, వేసవిలో వడదెబ్బ. మన దేశపు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల్లో ప్రాణాలు తీసే కారణాలలో డంపర్లు, లారీలు ముందు వరుసలో ఉన్నాయి.

చావుల తర్వాత వచ్చిన చట్టం

మన దేశంలో గనులను తనిఖీ చేయడానికి తొలి ఇన్‌స్పెక్టరును 1894లో నియమించారు. ఆయన పేరు జేమ్స్ గ్రండీ. అప్పటికి చట్టం లేదు. చట్టం రావడానికి రెండు పెద్ద ప్రమాదాలు కావలసి వచ్చింది. 1897లో కోలారు బంగారు గనుల్లో 52 మంది చనిపోయారు. అక్కడ తమిళ, తెలుగు కూలీలు పెద్ద సంఖ్యలో పనిచేసేవారు. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న బలూచిస్తాన్‌లోని ఖోస్ట్ బొగ్గు గనిలో 47 మంది చనిపోయారు. ఆ తర్వాతే 1901లో తొలి గనుల చట్టం వచ్చింది. 1902 జనవరిలో కలకత్తాలో గనుల తనిఖీ కార్యాలయం పెట్టారు. 1908లో అది ధన్‌బాద్‌కు మారింది. ఇప్పుడు దాన్నే గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్, క్లుప్తంగా డీజీఎంఎస్, అంటారు.

1923లో చట్టాన్ని తిరగరాశారు. 1929 నాటి నియమాలు ఆడవారిని క్రమంగా భూగర్భ గనుల నుంచి తప్పించాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో కొత్త గనుల చట్టం వచ్చింది. దాని కింద 1955లో గనుల నియమాలు, 1957లో బొగ్గు గనుల నిబంధనలు, 1961లో ఇతర ఖనిజాల గనుల నిబంధనలు, 1966లో వృత్తి శిక్షణ నియమాలు వచ్చాయి. బొగ్గు గనుల నిబంధనలను 2017లో మళ్లీ కొత్తగా రాశారు.

1952 చట్టంలో మన యువత తప్పక చదవాల్సిన ఒక మాట ఉంది. గనిలో పనిచేసేవాడు అంటే ఎవరు అన్న నిర్వచనం అది. యజమానో, మేనేజరో నియమించినవాడే కాదు, మేనేజరుకు తెలిసి గనిలో పనిచేసే ఎవరైనా, కూలి ఇచ్చినా ఇవ్వకపోయినా, గనిలో పనిచేసేవాడేనని చట్టం చెప్పింది. గుత్తేదారు తెచ్చిన కూలీ ఇందులోకి వస్తాడు. లారీ దగ్గర సాయానికి నిలబడిన కుర్రవాడూ వస్తాడు. అలాంటి ప్రతి మనిషి పేరూ, వయసూ, పనీ గని రిజిస్టరులో రాయాలని అదే చట్టం చెప్పింది. 18 ఏళ్లు నిండనివారిని పనిలో పెట్టరాదని కూడా చెప్పింది. శిక్షణలో ఉన్న 16 ఏళ్లు దాటినవారికి మాత్రం మేనేజరు పర్యవేక్షణలో మినహాయింపు ఉంది. నిర్వచనం ఇంత విశాలంగా ఉండగా రిజిస్టరు ఎందుకు ఇరుకైంది? పేరు రాస్తే శిక్షణ ఇవ్వాలి, వైద్య పరీక్ష చేయించాలి, బూట్లు, హెల్మెట్ ఇవ్వాలి, ప్రమాదం జరిగితే లెక్క చెప్పాలి. పేరు రాయకపోతే ఇవేవీ అక్కరలేదని లెక్కలేసుకునేవాళ్లు ఉన్నారు.

ఒక్కో నియమం ఏమి చెబుతుంది

నియమాలను బట్టీ పట్టడం కంటే వాటి వెనుక ఉన్న కారణాన్ని తెలుసుకోవడం మేలు. కారణం తెలిసినవాడు కళ్లతో చూసి ప్రమాదాన్ని పోల్చుకుంటాడు.

మొదటిది మెట్టు. ఇంగ్లీషులో బెంచ్ అంటారు, గనుల్లో బెంచీ అంటారు. మన పెద్దలు కొండ వాలు మీద చేను చేసేటప్పుడు మట్టి కొట్టుకుపోకుండా రాళ్లతో గట్లు వేసి మెట్లుగా మలిచారు. బెంచీ కూడా ఆ పనే చేస్తుంది. మట్టిని నిలువుగా కోస్తే దాని బరువే దాన్ని కిందికి లాగుతుంది. అందుకే మెత్తటి మట్టి, మొరం, గులకరాళ్ల నేలలో చేత్తో తవ్వేటప్పుడు ఒక్కో మెట్టు ఎత్తు 1.5 మీటర్లకు మించరాదని, మెట్టు వెడల్పు దాని ఎత్తుకు తగ్గరాదని 1961 నిబంధనలు చెప్పాయి. గోడ అడుగున తొలిచి పైభాగాన్ని వేలాడేటట్టు వదలడం నిషేధం. తవ్వకం అంచు నుంచి 3 మీటర్ల లోపల చెట్టు గానీ, వదులు రాయి గానీ ఉండరాదు. మన ఊళ్ల పక్క క్వారీల్లో కూలి త్వరగా గిట్టుబాటు కావాలని అడుగునే తవ్వుతూ పోవడం మనం చూస్తూనే ఉన్నాం. పైన ఉన్న మట్టి పెళ్ల విరిగి పడితే తప్పించుకోవడానికి క్షణం కూడా ఉండదు.

రెండోది మట్టి కుప్ప. కుప్పగా పోసిన మట్టి తనంతట తాను ఒక వాలులో నిలుస్తుంది. ధాన్యం రాశిని చూస్తే ఈ సంగతి తెలుస్తుంది, పైన ఇంకా పోస్తే పక్కలకు జారుతుంది. బొగ్గు గనుల నిబంధనల ప్రకారం కుప్ప వాలు 37.5 డిగ్రీలకు మించరాదు. కుప్పను 30 మీటర్లకు మించని మెట్లుగా పేర్చాలి. కుప్ప అడుగు అంచు గని నోటికి గానీ, రోడ్డుకు గానీ, ఇళ్లకు గానీ 100 మీటర్ల లోపలికి రాకూడదు. వానాకాలంలో నీరు కుప్పలోకి ఇంకి మట్టి బరువెక్కుతుంది, దాని పట్టు సడలుతుంది. పైన పగుళ్లు కనిపించడం, అడుగున నేల ఉబ్బడం, చిన్న రాళ్లు అదేపనిగా దొర్లడం కుప్ప కదులుతోందనడానికి గుర్తులు.

మూడోది దారి. దీన్ని హాల్ రోడ్డు అంటారు. డంపరు డ్రైవరు అంతస్తు ఎత్తున కూర్చుంటాడు. ముందు చక్రం పక్కన నిలబడిన మనిషి అతనికి కనబడడు. అందుకే రెండు వైపులా బండ్లు నడిచే దారి వెడల్పు అతి పెద్ద బండి వెడల్పుకు మూడింతలు, ఆపైన 5 మీటర్లు ఉండాలన్నారు. వాలు సాధారణంగా 16 అడుగులకు 1 అడుగు మించరాదు. లోయ వైపు అంచున గట్టు కట్టాలి. నడిచేవాళ్లకు వేరే దారి ఉండాలి. వెనక్కి వచ్చే బండి చప్పుడు చేయాలి. దుమ్ము లేచి దారి కనబడకుండా పోకూడదు కనుక నీళ్లు చల్లాలి.

నాలుగోది పేలుడు. 1961 నిబంధనలు పేల్చే చోటు చుట్టూ 300 మీటర్లను ప్రమాద ప్రాంతం అన్నాయి. ఎర్రజెండాలతో దారులు మూసి, సైరన్ వేసి, మనుషులంతా బయటికి వెళ్లారో లేదా చాటున చేరారో చూసుకున్నాకే పేల్చాలి. పేలని మందును మిస్‌ఫైర్ అంటారు. వత్తితో అంటించింది పేలకపోతే అరగంట దాకా ఎవరూ దగ్గరకు పోకూడదు. ఆ రంధ్రంలోనే మళ్లీ డ్రిల్లు వేయకూడదు. మందు నింపడం, పేల్చడం అర్హత పత్రం ఉన్న షాట్‌ఫైరరు చేతి మీదుగానే జరగాలి. అతను తొందరపడితే వద్దనే హక్కు సహాయకుడికీ ఉంది.

మూడు కొండలు, మూడు పాఠాలు

ఈ నియమాలు పాటించిన చోట, పాటించని చోట ఏం జరిగిందో మూడు ఘటనలు చూద్దాం. అందులో రెండు దూరదేశాలవి, ఒకటి మన సోదర ఆదివాసీ ప్రాంతానిది.

1966 అక్టోబరు 21న బ్రిటన్‌లోని వేల్స్‌లో ఆబర్‌ఫాన్ అనే బొగ్గు ఊరిలో కొండ మీద పోసిన గని వ్యర్థాల కుప్ప ఉదయం బడి వేళకు జారింది. అది ప్రాథమిక పాఠశాల మీద పడింది. 144 మంది చనిపోయారు. వారిలో 116 మంది పిల్లలు. కుప్పను నీటి ఊటల మీద పోశారు. ఊరివాళ్లు అంతకుముందే భయం వెలిబుచ్చారు. ఆ తర్వాత 1969లో బ్రిటన్ గని కుప్పల కోసం ప్రత్యేక చట్టం చేసింది. గని గోడకు లోపలున్నవారికే ప్రమాదం అనుకునేవారికి ఇది జవాబు. గని ఎక్కడ ఆగుతుందో మట్టికుప్పకు తెలియదు. గని పక్కన బడి ఉన్న ఉపాధ్యాయులు ఈ ఘటనను తప్పక తెలుసుకోవాలి.

2013 ఏప్రిల్ 10 రాత్రి అమెరికాలోని యూటా రాష్ట్రంలో బింగ్‌హామ్ కాన్యన్ రాగి గనిలో ఒక గోడ జారింది. అది ప్రపంచంలోని అతి పెద్ద ఓపెన్‌పిట్‌లలో ఒకటి. 14 కోట్ల టన్నులకు పైగా రాయీ మట్టీ కిందికి వచ్చింది. ఒక్కరికి కూడా గాయం కాలేదు. ఆ గోడ కదలికను అధికారులు రాడార్‌తోనూ, ఇతర పరికరాలతోనూ కొన్ని వారాలుగా గమనిస్తున్నారు. కదలిక వేగం పెరగగానే పని ఆపి మనుషులను బయటికి పంపారు. యంత్రాలు కొన్ని పోయాయి, రోడ్డు పోయింది, మనిషి మిగిలాడు.

2016 డిసెంబరు 29 సాయంత్రం జార్ఖండ్‌లోని గొడ్డా జిల్లా లాల్‌మటియా దగ్గర రాజ్‌మహల్ ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో మట్టి, రాళ్ల భారీ కుప్ప జారి పనిచేస్తున్న మనుషులనూ యంత్రాలనూ కప్పేసింది. 23 మంది చనిపోయారు. వారు ప్రైవేటు గుత్తేదారు కింద పనిచేసేవారు. ఆ నేల సంతాలుల ప్రాంతం. పగుళ్లు ముందే కనిపించాయని కార్మికులు చెప్పినట్లు అప్పటి పత్రికలు రాశాయి.

బింగ్‌హామ్‌లో జారిన మట్టి రాజ్‌మహల్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రాడార్ వల్ల వాళ్లు బతికారనడం సగం మాటే. పరికరం చూపిన కదలికను నమ్మి, ఉత్పత్తి నష్టమైనా పని ఆపాలని నిర్ణయించేవాడు అక్కడ ఉన్నాడు. పగులు చూసిన కూలీ కళ్లు రాడార్ కంటే తక్కువేమీ కాదు. అతను చెప్పిన మాట రాసుకునే పుస్తకం, విన్న వెంటనే పని ఆపే అధికారి ఉండాలి. పేరు లేని కూలీ మాటకు ఆ పుస్తకంలో చోటు దొరకదు.

మన నేల మీద

తెలుగు రాష్ట్రాల్లో ఈ మధ్య జరిగిన రెండు ఘటనలు ఇదే మాట చెబుతాయి. 2020 జూన్ 2న పెద్దపల్లి జిల్లా గోదావరిఖని దగ్గర రామగుండం ఓసీ-1లో బ్లాస్టింగ్ కోసం మందు నింపుతుండగా పేలి నలుగురు కాంట్రాక్టు కార్మికులు చనిపోయారు. 2021 మే 8న కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె దగ్గర ముగ్గురాయి గనిలో వాహనం నుంచి జిలెటిన్ దించుతుండగా పేలి పది మంది చనిపోయారు. ఒకటి ప్రభుత్వ రంగ సంస్థ గని, మరొకటి ప్రైవేటు క్వారీ. రెండు చోట్లా మందుతో పని, రెండు చోట్లా శాశ్వత ఉద్యోగం లేని మనుషులు. పేలుడు పదార్థాలను దించేటప్పుడు, నింపేటప్పుడు ఆ పనికి అక్కరలేని మనుషులు దగ్గర ఉండరాదన్నది పాత నియమమే.

ప్రాణాంతక ప్రమాదం జరిగితే యజమాని గానీ, మేనేజరు గానీ వెంటనే తనిఖీ అధికారులకు తెలపాలి. అధికారి వచ్చి చూసేదాకా, లేదా మూడు రోజులు గడిచేదాకా, ప్రమాదం జరిగిన చోటును కదపరాదు. ప్రాణాలు కాపాడటానికి, ఇంకో ప్రమాదాన్ని ఆపడానికి మాత్రం మినహాయింపు ఉంది. గూడెంలో ఎవరైనా గనిలో చనిపోతే కుటుంబం చేయాల్సిన మొదటి పని సాక్ష్యం మిగిలేలా చూడటం. శవాన్ని ఆసుపత్రికి కాక నేరుగా ఇంటికి పంపి, చేతిలో కొంత డబ్బు పెట్టి వేలిముద్ర తీసుకునే అలవాటు చాలా చోట్ల ఉంది. ఆ కాగితం మీద వేలిముద్ర వేయకముందే పోస్టుమార్టం, పోలీసు ఫిర్యాదు జరగాలి. 1923 నాటి పరిహార చట్టం నుంచే ఒక సూత్రం ఉంది. గుత్తేదారు తెచ్చిన కూలీ పనిలో చనిపోతే అసలు యజమాని కూడా పరిహారానికి బాధ్యుడు. గుత్తేదారు పారిపోయాడని చెప్పి యజమాని చేతులు దులుపుకోవడం కుదరదు.

ఇంకో పక్క చిన్న క్వారీలు ఉన్నాయి. కంకర, మొరం, లాటరైటు, ఇళ్లకు వాడే రాయి తవ్వే చిన్న క్వారీలకు 1952 చట్టం చాలావరకు మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపుకు మూడు షరతులు పెట్టింది. తవ్వకం లోతు 6 మీటర్లు దాటకూడదు. ఏ ఒక్క రోజూ 50 మందికి మించి పనిచేయకూడదు. పేలుడు పదార్థాలు వాడకూడదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ క్వారీ పూర్తి చట్టం కిందికి వస్తుంది. మన మండలాల్లో మందు పెట్టని రాతి క్వారీ ఎక్కడుందో వెతికి చూడాలి. ఇది చిన్న క్వారీ, దీనికి రూల్సు లేవు అని చెప్పేవారికి ఈ మూడు షరతులు చూపాలి.

కనబడని ప్రమాదం

గోడ కూలితే ఊరంతా పరుగెత్తుతుంది. దుమ్ము పదేళ్ల తర్వాత చంపుతుంది, అప్పుడు ఎవరూ గనిని గుర్తు చేసుకోరు. రాతిలో ఉండే సిలికా సన్నటి పొడిగా ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం చూసి దాన్ని క్షయ అనుకుని క్షయ మందులు వాడించడం తరచుగా జరుగుతోంది. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం కూడా ఎక్కువ. గనుల చట్టం దీన్ని ప్రభుత్వానికి తెలపవలసిన రోగాల జాబితాలో చేర్చింది.

ఈ విషయంలో భిల్లు సోదరుల అనుభవం మనకు పాఠం. మధ్యప్రదేశ్‌లోని అలీరాజ్‌పూర్, ఝాబువా ప్రాంతాల ఆదివాసులు గుజరాత్‌లోని గోధ్రా, బాలాసినోర్ వైపు క్వార్ట్జ్ రాయిని పొడి చేసే మిల్లులకు వలస వెళ్లారు. కొద్ది నెలల పని చేసినవారు కూడా సిలికోసిస్‌తో తిరిగి వచ్చి చనిపోయారు. వాళ్ల దగ్గర ఉద్యోగ పత్రం లేదు, మస్టరు లేదు. అయినా బాధితులు పట్టు వదలలేదు. ఊరూరా పేర్లు రాసుకున్నారు, ఎక్స్‌రేలు తీయించుకున్నారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2010లో చనిపోయిన 238 మంది కుటుంబాలకు ఒక్కొక్కరికి 3 లక్షల రూపాయలు ఇవ్వాలని చెప్పింది. 2016లో సుప్రీంకోర్టు ఆ డబ్బు చెల్లించమని గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. యజమాని రిజిస్టరులో పేరు లేకపోయినా బాధితులు తమ రిజిస్టరు తామే రాసుకోవడం వల్ల అది సాధ్యమైంది.

దుమ్ము ఆపే పద్ధతి కొత్తదేమీ కాదు. పొడి డ్రిల్లు బదులు నీళ్ల డ్రిల్లు వాడాలి, లేదా డ్రిల్లు దగ్గరే దుమ్మును పీల్చే యంత్రం పెట్టాలి. క్రషర్ మీద నీళ్లు చల్లాలి. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే సన్నటి సిలికా ఆగదు. పనిలో చేరేటప్పుడు, ఆ తర్వాత కాలానుగుణంగా ఛాతీ పరీక్ష జరగాలి. ఆ పరీక్షల కాగితాల నకలు కార్మికుడి ఇంట్లో ఉండాలి.

క్వారీల్లో మన ఆడవారూ రాళ్లు కొడతారు, తట్టలు మోస్తారు. 1966లోనే గనుల్లో పనిచేసే తల్లుల పిల్లల కోసం శిశుగృహాల నియమాలు వచ్చాయి. ఇవాళ్టికీ అనేక క్వారీల్లో పసిబిడ్డ చెట్టుకు కట్టిన చీర ఊయలలో, రాతి దుమ్ము మధ్యే పడుకుంటోంది.

ఇప్పుడు ఏం చేయాలి

1952 గనుల చట్టంతో సహా 13 చట్టాలను కలిపి పార్లమెంటు 2020లో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆమోదించింది. 2025 నవంబరు 21న అది అమల్లోకి వచ్చింది. ఈ కోడ్ మీద కార్మిక సంఘాలకు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. దాని మంచిచెడ్డలు వేరే వ్యాసానికి తగిన విషయం. మనకు పనికివచ్చే రెండు సంగతులు ఇక్కడ చెబుతాం. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని అందులో ఉంది. పనిచోట ప్రాణాపాయం ఉందని నమ్మదగిన భయం కలిగితే యజమానికీ తనిఖీ అధికారికీ తెలిపే హక్కు కార్మికుడికి ఉందని కూడా ఉంది. ప్రమాదం ఉన్న చోటు నుంచి తప్పుకునే హక్కును 1995లో అంతర్జాతీయ కార్మిక సంస్థ గనుల భద్రత ఒప్పందంలో రాసింది. మన దేశం ఆ ఒప్పందాన్ని ఇంకా ఆమోదించలేదు.

గనికి వెళ్లే యువత మొదటి రోజే అడగాల్సినవి ఉన్నాయి. నా పేరు రిజిస్టరులో ఎక్కిందా? వృత్తి శిక్షణ కేంద్రంలో, అదే వీటీసీలో, శిక్షణ ఎప్పుడు? వైద్య పరీక్ష అయిందా? బూట్లు, హెల్మెట్ ఎవరిస్తారు? గనుల నియమాల ప్రకారం 100 మందికి మించి పనిచేసే గనిలో భద్రతా కమిటీ ఉండాలి, 500 మంది ఉన్న చోట కార్మికుల తరఫున తనిఖీ చేసే కార్మిక ఇన్‌స్పెక్టరు ఉండాలి. ఆ కమిటీలో కాంట్రాక్టు కూలీల మాట వినిపిస్తోందా అన్నది సంఘాలు అడగాలి.

మన ఉపాధ్యాయులు చేయగలిగినది చాలా ఉంది. ఎనిమిదో తరగతి గణితంలో కోణాలు, నిష్పత్తులు చెప్పేటప్పుడు 37.5 డిగ్రీల వాలు గీయించవచ్చు. మట్టి రాశి పోసి కోణమానితో కొలిపించవచ్చు. 16కు 1 వాలు ఎంత ఉంటుందో బడి ఆవరణలో తాడు కట్టి చూపవచ్చు. సైన్సు పాఠంలో ఊపిరితిత్తుల బొమ్మ పక్కన సిలికా గురించి చెప్పవచ్చు. పిల్లలను క్వారీలోకి తీసుకుపోవద్దు, గోడ దగ్గరికి అసలే వద్దు. బడిలో నేర్చిన పిల్లలు రాత్రి ఇంట్లో తండ్రిని అడుగుతారు, మీ గనిలో మెట్లున్నాయా అని. ఆ ప్రశ్న ఇంటి నుంచి గనికి వెళుతుంది.

గ్రామ సభలకు కూడా ఒక పని ఉంది. గూడెం నుంచి ఏ గనికి, ఏ క్వారీకి, ఏ గుత్తేదారు వెంట, ఏ తేదీన ఎవరు వెళ్లారో ఒక నోటుపుస్తకంలో రాయాలి. ఫోటో, ఆధార్ నకలు, మొదటి కూలి చీటీ దానికి జత చేయాలి. వలస వెళ్లినవారి ఫోను నంబరు రాయాలి. దీనికి పెద్ద ఖర్చు లేదు. రాయగలిగిన ఒక ఇంటర్ పిల్ల చాలు. పరిహారం అడగాల్సి వచ్చినా, సిలికోసిస్ అని నిరూపించాల్సి వచ్చినా, కార్మిక శాఖకు పోవాల్సి వచ్చినా ఆ పుస్తకమే ముందు పనికివస్తుంది. యజమాని రిజిస్టరులో మన పేర్లు ఎక్కేదాకా అడుగుతూనే ఉండాలి. ఈలోపు గూడెం పుస్తకంలో ఏ ఒక్క పేరూ తప్పిపోకూడదు.